దిబ్బ మీది జెండా

తెల్లగా కనబడిందల్లా మంచే అనుకునేవాళ్ళు జపాను ఉత్తరపు కొసన ఉన్న మా ఉసునాయ్‌లో పుట్టి ఉండరు. ఇక్కడివాళ్ళకి తెలుపులో రకాలు తెలుసు. నురగ తెలుపు వేరు, మబ్బు తెలుపు వేరు, చలికి నీటి మీద అప్పుడే పట్టిన పొర అసలు తెలుపే కాదు, బూడిద. అన్నీ తెలిసిన నేను, ఈ దిబ్బ మీద కూర్చుని సముద్రాన్ని చూడడమే బతుకుతెరువుగా వయసంతా గడిపిన నేను, ఈ పొద్దున నీటి చివర కనబడుతున్న ఆ తెల్లటి పట్టీ ఏమిటో తేల్చుకోలేక కూర్చున్నాను. గది కిటికీ అద్దానికి ఊపిరి తగిలి మసకబారుతోంది. చేతిగుడ్డతో తుడుస్తున్నాను, మళ్ళీ మసకబారుతోంది. ఊపిరి బిగబట్టి చూడమనేవాడు మా మామగారు. ఆయన బిగబట్టగలడు, ముసలితనంలో కూడా అవలీలగా బిగబట్టేవాడు, చివరికి ఒకసారి బిగబట్టి మళ్ళీ తీసుకోలేదు, అదీ ఆసుపత్రిలో, కిటికీ లేని గదిలో. కిరసనాయిలు పొయ్యి మీద కెటిల్ తనలో తాను ఏదో సణుక్కుంటోంది. కింద రేవులో పడవలన్నీ ఇంజన్లు వేసుకుని నిలబడ్డాయి, ఆ అదురు కొండరాళ్ళ గుండా ఎక్కి నా బూట్ల అడుగున తెలుస్తోంది. పళ్ళెంలో అన్నం ముద్దలు రెండు, లోపల ఉప్పు చేప, పైన నాచు చుట్టినవి, అలాగే ఉన్నాయి. తినబుద్ధి కావడం లేదు. ఆకలి లేక కాదు, ఆకలి ఉంది, దాన్ని ఎవరిదో ఆకలిలా పక్కన కూర్చోబెట్టుకుని చూస్తున్నాను.

వాళ్ళంతా ఎదురుచూస్తున్నది నా నోటి నుంచి రెండు మాటల కోసం. సముద్రం తెరుచుకుంది. అంతే. కొత్త సంవత్సరం పండగ సందడి అణగగానే ఉత్తరం నుంచి సముద్రం మీద మంచు పలకలుగా కొట్టుకొస్తుంది, రేవు మూతబడుతుంది, పడవలన్నిటినీ గట్టు మీదికి లాగి కర్రల మీద నిలబెడతాం, ఎండబెట్టిన చేపల్లాగా. అది వెనక్కి పోయేదాకా ఎవరూ నీళ్ళలో దిగరు. పోయిన వెంటనే బొచ్చుపీతలు. చలికాలమంతా మంచు కింద బలిసిన పీతలకి ఆ మొదటి రోజుల్లో ఉన్న గిరాకీ తర్వాత ఉండదు, అందుకే మొగుళ్ళంతా మార్చి వచ్చేసరికి కాలుగాలిన పిల్లుల్లా తిరుగుతారు, పెళ్ళాలు వాళ్ళని ఇంట్లోంచి తరిమేస్తారు, వాళ్ళు రేవులో చేరి సిగరెట్లు కాలుస్తూ ఈ దిబ్బకేసి చూస్తారు. దిబ్బ అంటే కొండ కాదు, నేనే. రేడియోలో నన్ను అలాగే పిలుస్తారు, దిబ్బా, దిబ్బా అని. పెళ్ళైన కొత్తలో ఎవరైనా అలా పిలిస్తే పోట్లాడి ఉండేదాన్ని. ఇప్పుడు ఎవరైనా కినుయో అని పిలిస్తే, ఒక్క క్షణం ఎవరినో అనుకుంటాను.

నిన్న సాయంత్రం వచ్చిన ఉపగ్రహం బొమ్మ బల్ల మీద ఉంది. అది పైనుంచి చూస్తుంది, మబ్బుల్లోంచి కూడా చూస్తుంది, నాకన్నా మేలే, కాదనను. దాన్ని చూసి, రేవు పటం మీద మంచు అంచు ఎక్కడిదాకా ఉందో గీత గీసి, గీతకి ఇవతల సముద్రాన్ని పది వంతులు అనుకుంటే అందులో ఎన్ని వంతులు తెల్లగా ఉన్నాయో అంకె వేసి, జాలర్ల సంఘం వాకిట్లో అద్దాల పెట్టెలో తగిలించడం నా రోజువారీ పని. నిన్నటి అంకె పదింట ఒకటి. ఆ ఒకటి కూడా పిసినారితనంతో వేశాను, సున్న వేయొచ్చు. అంచు ఎక్కడో దూరంగా, ఈ దిబ్బ నుంచి కంటికి ఆననంత అవతల ఉంది. అయితే అది నిన్నటి మాట. మంచు నిన్న ఉన్నచోట ఇవాళ ఉంటానని ఎవరికీ మాటివ్వలేదు. ఇవాళ్టి బొమ్మ ఇంకా రాలేదు. మా మామగారి కాలంలో బొమ్మలు లేవు, ఆకాశమే ఆయనకి పటం. మంచు మీద ఉన్న మబ్బుకి పొట్ట కింద తెల్లటి వెలుగుంటుంది, నీళ్ళ మీద ఉన్న మబ్బుకి పొట్ట నల్లగా ఉంటుంది, తల ఎత్తి చదువుకోవడమే. నాకూ నేర్పాడు, కొడుక్కి నేర్పకుండా కోడలికి నేర్పాడు, వాడికి కుదురు లేదనేవాడు. అన్నీ నేర్పాడు గానీ, మబ్బు తునక కూడా లేని ఇలాంటి పొద్దున ఏం చేయాలో నేర్పలేదు. ఆకాశం తుడిచిన పలకలా ఉంది. గాలి లేదు. అంత మంచి రోజు. మంచి రోజుల్ని నేను నమ్మను.

ఆ పట్టీ కదులుతోంది. లేదు, కదలడం కాదు, సాగుతోంది, పాకం సాగినట్టు పైకి. నిలువునా గీతలు పడ్డాయి, కొన్నిచోట్ల గోడలా లేచింది, కొన్నిచోట్ల తెగింది. మాయమంచు అలాగే ఉంటుంది. అసలు మంచు నీటి గీతకి అవతల కనబడకుండా ఉంటే, చల్లటి నీళ్ళ మీద వెచ్చటి గాలి నిలిచిన రోజున దాని నీడ పైకి లేచి, ఇదిగో ఇక్కడే ఉన్నానన్నట్టు కనబడుతుంది. సాధారణంగా మంచు పూర్తిగా పోయాక, వసంతం ముదిరాక వస్తుంది, పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని చూపిస్తారు, మంచు మనకి పోయొస్తానని చెబుతోంది చూడు అంటారు. మార్చిలో రావడం అరుదు. అరుదే గానీ అసలు రాదని లేదు. ఒకవేళ అది మాయ కాకపోతే? అసలు మంచే రాత్రికి రాత్రి ఇంత దగ్గరికి వచ్చి ఉంటే? పాతకాలపు పడవలు చెక్కవి, మంచు గుద్దితే మూలిగేవి. ఇప్పటి ఫైబర్ పడవలు మూలగవు. చీలిపోతాయి.

ఇందులో నా కూతురి సంగతి ఉంది కాబట్టే ఇంత ఆలోచన అని రేవులో అనుకుంటారు. అనుకోనీ. ఉసునాయ్‌లో ఒక కట్టుబాటు ఉంది, ఎప్పటినుంచో ఎవరికీ తెలియదు. తెరుచుకుందని చెప్పినవాళ్ళ ఇంటి పడవే ముందు బయలుదేరాలి. అది రేవు దీపం దాటి, నీళ్ళలో తేలే గుర్తుబోయ దాటి ముందుకు పోయాకే మిగతావి కదులుతాయి. ఆ పడవ వెనక్కి తిరిగితే వెనకవన్నీ తిరగాలి, దాన్ని దాటి ఎవరూ ముందుకు పోకూడదు. తేలిగ్గా నోరు జారకుండా ఉండడానికి పెట్టారు కాబోలు. మా మామగారు చెప్పిన రోజుల్లో మా ఆయన ముందు వెళ్ళేవాడు. మామగారు రెండు మాటలూ చెప్పి, ఇంటికొచ్చి, చారు తాగి పడుకునేవాడు. అత్తగారు మాత్రం కొడుకు తిరిగొచ్చేదాకా గుమ్మంలో నిలబడి ఆయన్ని తిట్టేది. నేను కొత్త కోడలిని, ఎవరి పక్షమో తెలియక గిన్నెలు కడిగేదాన్ని. తర్వాత మా ఆయన చెయ్యి తాడుచక్రంలో పడి నలిగింది, వేళ్ళు ముడుచుకోవు, ఆయన ఇప్పుడు ఇంట్లో ఉండి వంట చేస్తాడు, నాకన్నా బాగా చేస్తాడు, ఆ సంగతి ఊరందరికీ చెప్పుకుంటాడు. పడవ అమ్మేద్దామనుకుంటుంటే మా అమ్మాయి మియో సప్పొరొ పట్నంలో ఉద్యోగం మానేసి, సంచితో వచ్చి గుమ్మంలో నిలబడి, నేను నడుపుతానంది. ఆడపిల్లవి అని అన్నవాళ్ళు ఒక్క కాలం తిరిగేసరికి అనడం మానేశారు. దాని బుట్టల్లో పీతలు పడ్డాయి మరి.

అది పడవెక్కినప్పటినుంచి నేను ఆలస్యంగా చెబుతున్నానట. లెక్క చూసుకుందాం అన్నాను ఒకసారి సంఘం సభలో. కిందటేడు నేను ఆపిన రోజున మంచు నిజంగానే వెనక్కి వచ్చింది. అది ఎవరికీ గుర్తులేదు. అంతకు ముందేడు ఆపిన రోజున రాలేదు. అది పాలు తాగే పిల్లలకి కూడా గుర్తుంది. పక్క రేవువాళ్ళు ముందెళ్ళి పీతలు తెచ్చుకున్నారు, మనవాళ్ళు గట్టున నిలబడి చూశారు. ఈ ఏడు కూడా ఆగితే దిబ్బ మీదికి వేరే మనిషిని పెడతామని సంఘం పెద్ద తోకురా చెప్పాడు, మొహం మీదే చెప్పాడు, మంచివాడు, వెనక చెప్పేరకం కాదు. పెడితే పెట్టుకోనీ. నాకు దిగడానికి బాధ లేదు. మోకాళ్ళకి సుఖం. బాధ మియోకి. రేవులో ఎవరూ దాన్ని తిట్టరు, దానికెదురుగా నవ్వుతారు, తల్లి కొంగు పట్టుకుని సముద్రానికొచ్చే కెప్టెన్ అని. అది కూడా నవ్వుతుంది. ఇంటికొచ్చి బూట్లు విసిరేస్తుంది.

నిన్న సాయంత్రం అన్నాల దగ్గర బూట్లు విసరలేదు. వరసగా పెట్టింది. దానికే నాకు భయం వేసింది. చారు సగం తాగి, గిన్నె కింద పెట్టి, నాకేసి చూడకుండా గిన్నెకేసి చూస్తూ అంది:

"అమ్మా, రేపొక్క పూట నువ్వు మా అమ్మవి కాకుండా ఉండు. ఇంకేం అడగను నిన్ను."

"అదెట్టా కుదురుద్దే? నిన్ను కన్నది పక్కింటావిడా?" అన్నాడు మా ఆయన.

"నువ్వు చారు తాగు నాన్నా."

ఆయన తాగాడు. నేను సరేనన్నాను. ముల్లంగి ఊరగాయ ముక్క నోట్లో ఉంది, దాన్ని నములుతూ సరేనన్నాను, ఉప్పు కాస్త అందించు అంటే సరే అన్నట్టు. మనిషి ఏదైనా కాకుండా ఉండగలడు, దిబ్బ కాకుండా ఉండగలడు, పెళ్ళాం కాకుండా కూడా ఉండగలడు, ఆ రెండూ నేను అప్పుడప్పుడూ చేసినవే. మియో పుట్టిన చలికాలం మంచు బాగా ముందుగా వచ్చింది. మంచు వస్తే సముద్రం నోరు మూసుకుంటుంది. అలలుండవు, పగలూ రాత్రీ చెవుల్లో మోగే ఆ చప్పుడు ఒక్కసారిగా ఆగిపోతుంది. పెద్దవాళ్ళకే నిద్ర పట్టదు. ఇది అలల చప్పుడులో పుట్టిన పిల్ల, అది ఆగిపోయేసరికి గుక్కపెట్టి ఏడ్చేది, ఎత్తుకున్నా ఏడ్చేది, పాలిచ్చినా ఏడ్చేది. ఒకరోజు విసుగొచ్చి దాని చెవి దగ్గర నోటితో అల చప్పుడు చేశాను, ష్‌ష్ అని, ఒడ్డుకొచ్చి మళ్ళీ వెనక్కి పోయినట్టు. ఊరుకుంది. ఆ చలికాలమంతా నేనే సముద్రాన్ని. నా పెదాలు పగిలిపోయాయి. మంచు పోయి అసలు అలలు వచ్చిన రోజున హమ్మయ్య అనుకున్నాను, కాస్త ఈర్ష్యగా కూడా ఉండింది. అదంతా దానికి తెలియదు. చెప్పలేదు. చెప్పడానికి అదేమంత విషయం.

"దిబ్బా, దిబ్బా!" రేడియోలో తోకురా. "కినుయోక్కా, ఏమంటావ్? ఆ మంచు కరిగి, కాగి, టీ అయ్యేదాకా కూర్చుంటావా ఏంటి?"

వెనక ఎవరో నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, రేడియో మీట నొక్కలేదు కాబట్టి ఎవరికీ వినబడలేదు. ఫోన్ తీసి మా ఆయనకి చేశాను. అసలు మంచుని మాయమంచుని విడదీయడానికి ఉసునాయ్‌లో ఒక పద్ధతి ఉంది, ఇద్దరు మనుషులు కావాలి. దూరంగా ఉన్న అసలు మంచు దిబ్బ మీదివాళ్ళకి కనబడినంతగా ఒడ్డున ఉన్నవాళ్ళకి కనబడదు. మాయమంచుకి ఆ తేడా లేదు, అందరికీ ఒకేలా కనబడుతుంది. ఆయన అప్పటికే ఇసుకలో నిలబడి ఉన్నాడు, నేను అడగకముందే వెళ్ళాడు, వేళ్ళు ముడుచుకోవు గానీ బుర్ర బాగానే ముడుచుకుని విప్పుకుంటుంది.

"తెల్లది కనబడతందా?"

"నా గడ్డమా?"

"ఏవయ్యా, ఎకసెక్కాలు మాని చెప్పు."

"కనబడతంది. గోడ కట్టినట్టుంది. కింద సందుంది, గాల్లో తేలతన్నట్టు."

"ఎత్తెంత?"

"చెయ్యి చాపితే చిటికెన వేలంత."

"నాకూ అంతే."

"అయితే మాయే."

"మాయే," అన్నాను.

"మరి చెప్పేయవే. పిల్ల ఇంజన్ వేసుక్కూర్చుంది, నూనె తగలడతంది." ముక్కు ఎగబీల్చి, "నే ఇక్కడే ఉంటాలే," అన్నాడు.

ఎందుకుంటాడు, చలిలో. ఉంటాడు, నాకు తెలుసు. నేను చెయ్యి చాపి మరొకసారి చిటికెన వేలుతో కొలిచాను. నిన్నటి బొమ్మ చూశాను. పదింట ఒకటి. కొండ కింద నీళ్ళు నల్లగా, మొద్దుగా, ఎవరో ఇస్త్రీ చేసినట్టున్నాయి. వద్దనడానికి నా దగ్గర ఒక్క కారణం లేదు. ఒక్కటంటే ఒక్కటి. ఉన్న కారణమల్లా ఎర్ర చొక్కా వేసుకుని మొదటి పడవ చుక్కాని దగ్గర నిలబడి ఉంది, అది కారణం కాకూడదని నిన్న ఒప్పుకున్నాను. మీట నొక్కి చెప్పాను. సముద్రం తెరుచుకుంది. గొంతు మామూలుగానే వచ్చింది, కూరగాయల బేరంలో వచ్చే గొంతు. కింద కేకలు. ఎవరో పళ్ళెం వాయించారు. మియో బూరా ఒక్కసారి మోగించి కదిలింది.

దిబ్బ గది కిటికీ ముందు గెడ మీద ఒక జెండా ఉంది. మా ఆయన మంచి రోజుల్లో, పడవ నిండా చేపలు పడిన రోజున ఎగరేసిన జెండా, ఎర్ర చేప బొమ్మది, రంగు పోయి చేప ఇప్పుడు గులాబీ రంగులో జబ్బు చేసినట్టుంది. గాలి ఎటునుంచో చూడడానికి కట్టాం. రేవు నుంచి పోయే పడవలన్నీ కనబడినంతసేపూ వెనక్కి తిరిగి దాన్నే చూస్తాయి, దుర్భిణి పెట్టి మరీ చూస్తాయి. అది వేలాడుతోంది. మా పడవ కినుమారు రేవు దీపం దాటింది. పడవకి నా పేరు పెట్టింది మా ఆయన, కొత్తలో, ప్రేమ కొద్దీ. ఇప్పుడు మియో దాన్ని నడుపుతూ రేడియోలో నా పేరుతోనే పలుకుతుంది, కినుమారు, కినుమారు అని. నేను దిబ్బనయ్యాను, అది నేనైంది. గుర్తుబోయ దాటింది. మిగతావి వరసగా వెనక బయలుదేరాయి, తల్లి వెనక బాతుపిల్లల్లా. నీటి మీద గీతలు పడ్డాయి, చాలా అందంగా ఉన్నాయని గమనించాను. పొయ్యి మీద నీళ్ళు మరిగి మూత ఎగిరెగిరి పడుతోంది, లేచి దించాలి, లేవలేదు. ఎర్ర చుక్క చిన్నదైంది. ముందు చొక్కా అని తెలిసింది, తర్వాత మనిషి అని, తర్వాత రంగు అని మాత్రమే. దుర్భిణిలో పడవ కొన, దాని అవతల తెల్లటి గోడ, రెండూ అతుక్కున్నట్టుగా. మధ్యలో ఎంతో దూరం ఉంది, నాకు తెలుసు.

అప్పుడు గోడ పోయింది. కూలలేదు, కరగలేదు. పడమటి కొన నుంచి తూర్పు కొన దాకా ఎవరో గుడ్డపెట్టి తుడిచినట్టు పోయింది, అక్కడ ఒట్టి నీటి గీత మిగిలింది, కత్తితో కోసినంత సన్నగా. రేడియో ఒక్కసారిగా గోలెత్తింది. మాయే! చూశారా, మాయే! ఎవరో దిబ్బకి జై అన్నారు. తోకురా, "అక్కా, ఈ సాయంత్రం మా ఇంట్లో పీతలు ఉడికిస్తన్నాం, రాకపోతే నా మీదొట్టే," అన్నాడు. అందరి గొంతుల్లో ఎంత సంతోషం. నా కళ్ళ ముందు ఏమీ లేని నీటి గీత, జెండా వేలాడుతోంది, అద్దం మీద ఊపిరి, నా చెయ్యి మీట మీద ఉంది. ఎప్పుడు పెట్టానో తెలియదు. చెయ్యి ముందు వెళ్ళింది, నేను వెనకాల వెళ్ళాను.

"కినుమారూ, దిబ్బ. వెనక్కి తిరుగు. ఉత్తరపు గాలి."

గోల ఆగింది. ఆ నిశ్శబ్దం నాకు తెలిసినదే, మంచు వచ్చిన మొదటి రాత్రి ఉండేది. రేడియోలో ఇసక రాలుతున్నట్టు చప్పుడు. తర్వాత మియో గొంతు, పొడిగా.

"దిబ్బా, కినుమారు. పిలుస్తన్నదెవరు? దిబ్బా, మా అమ్మా?"

ఊరంతా వింటోంది. పడవల్లో ఉన్నవాళ్ళు, వంటిళ్ళలో రేడియో పెట్టుకున్న వాళ్ళ పెళ్ళాలు, ఇసుకలో ఫోన్ పట్టుకుని మా ఆయన. నేను జెండాకేసి చూశాను. చేప తల కిందికి వేలాడుతోంది.

"దిబ్బ," అన్నాను.

ఇసక రాలింది. ఇంకొంచెం రాలింది.

"సరే. తిరుగుతున్నా."

దుర్భిణిలో ఎర్ర రంగు పక్కకి జరిగి, పడవ పొడవు కనబడి, మళ్ళీ పొట్టిదైంది. వెనక వస్తున్నవాటికి వేరే దారి లేదు, కట్టుబాటు. ఒక్కొక్కటే తిరిగాయి. "అక్కా," అన్నాడు రేవు గట్టు మీంచి తోకురా, కోపంగా కూడా కాదు, జాలిగా, "గాలెక్కడుంది? నా సిగరెట్టు పొగ నిట్టనిలువునా పోతంది." రేపు ఈ గదిలో ఎవరు కూర్చుంటారో, కెటిల్ ఇక్కడే వదిలేయాలా తీసుకుపోవాలా, అది నేను ఇంటి నుంచి తెచ్చినదే, అలాంటివి ఆలోచించాను. అబద్ధం ఆడిన మనిషికి ఒళ్ళు వెచ్చగా ఉంటుందని తెలియదు. అవును, అబద్ధమే. గాలి లేదు. మాయమంచు గాలి లేనప్పుడే నిలబడుతుంది, గాలి పుడితే చెదిరిపోతుంది, కాబట్టి అది పోయిందంటే అక్కడ, ఆ చివర, గాలి పుట్టిందని అర్థం, అది మంచి వార్త కాదు, ఊరంతా పళ్ళాలు వాయించుకునే వార్త అంతకన్నా కాదు. ఈ ముక్క ఇక్కడి పిల్లలకి కూడా తెలుసు. తెలిసీ, గోడ పోయిందన్న ఆనందంలో అందరం మరిచిపోయాం. నాకు తట్టింది. మీట నొక్కాక తట్టింది. నొక్కకముందు నా తలలో గాలి లేదు, మంచు లేదు, ఆ ఎర్ర చుక్క తప్ప ఏమీ లేదు. ఇరవై రకాలుగా తిప్పి చూసుకున్నాను, ముందు తట్టిందేమోనని. లేదు.

పడవలు గుర్తుబోయ దగ్గరికి వచ్చాయి. జెండా వేలాడుతోంది. రేవు దీపం. వేలాడుతోంది. కినుమారు కట్టుబాటు ప్రకారం అన్నిటికన్నా చివర లోపలికి రావాలి, అది దీపం దగ్గర ఆగి మిగతావాటికి దారి ఇస్తోంది. అప్పుడు జెండా అంచు ఒకటి, చిరిగిన మూల, కాస్త లేచింది. పడింది. మళ్ళీ లేచింది. నా చెవుల మీద జుట్టు కదిలిందా అనుకున్నాను, గది మూసి ఉంది, ఎలా కదులుతుంది.

"పొగ వంగింది," అన్నాడు తోకురా.

అంతే అన్నాడు. తర్వాత చేప ఒళ్ళు విరుచుకుని దక్షిణంవైపు సాగి నిలబడింది, తలుపు సందుల్లోంచి ఈల మొదలైంది, నల్లటి ఇస్త్రీ నీళ్ళ మీద ఉత్తరం నుంచి ముడతలు పరిగెత్తుకుంటూ వచ్చాయి, వాటి తలల మీద తెల్లగా, అది నురగ తెలుపు. ఈ గాలిలో తుంపర పడినచోటే గడ్డకడుతుంది, పడవ పైభాగం బరువెక్కి బోర్లాపడుతుంది. బుట్టలు దింపి ఉంటే సాయంత్రానికి మంచు ముక్కలు వాటి తాళ్ళన్నిటినీ తెంచుకుపోయేవి. రేడియోలో ఒక్కొక్కరే గొంతు సవరించుకుని మాట్లాడారు. దిబ్బ కన్ను దిబ్బదే అన్నారు. ఆ కన్నుకి దండం పెట్టాలన్నారు. మీట నొక్కి, సరేలే, తాళ్ళు గట్టిగా కట్టుకోండి అన్నాను. ఎవరిదో పొగడ్త, పొరపాటున నా ఇంటికి వచ్చింది.

కెటిల్ దించాను. అడుగంటింది. మెట్ల మీద బూట్ల చప్పుడు, తలుపు తోసుకుని మియో, వెంట గాలి, బల్ల మీది బొమ్మలు ఎగిరాయి. దాని దగ్గర డీజిల్ వాసన, ముక్కు ఎర్రగా ఉంది. తలుపు ఒంటితో అదిమి మూసి, పళ్ళెంలోంచి అన్నం ముద్ద తీసుకుని, నిలబడే సగం తింది. నేను కింద పడిన కాగితాలు ఏరుతున్నాను. చాలాసేపు ఏరాను, నాలుగే కాగితాలు.

"జెండా కదల్లేదమ్మా," అంది.

నేను ఆ నాలుగు కాగితాలూ బల్ల మీద వరసగా పేర్చాను.

"నే చూస్తానే ఉన్నా. నువ్వు గాలన్నప్పుడు అది తడిగుడ్డలా వేలాడతంది. దుర్భిణిలో చేప కన్ను కూడా కనబడింది నాకు."

"మరెందుకు తిరిగావ్?"

నమిలింది. మింగింది. వేలికంటిన నాచు ముక్క నాకింది, చిన్నప్పటి అలవాటు.

"దిబ్బే పిలిచుంటే తిరిగేదాన్ని కాదు," అంది.

నాకు ఏడుపొచ్చింది. చెప్పడానికి సిగ్గేం లేదు, వచ్చింది, అద్దం వైపు తిరిగి తుడుస్తున్నట్టు తుడుచుకున్నాను. అది చూసిందో లేదో. రెండో ముద్ద కూడా తీసుకుని, "అమ్మవి కాకు అన్నానా నిన్న?" అంది.

"అన్నావు."

"ఎప్పుడు విన్నావ్ గనక నా మాట."

ఇవాళ్టి ఉపగ్రహం బొమ్మ అప్పుడు వచ్చింది. మంచు అంచు నిన్నటికన్నా బాగా ఇవతలికి జరిగి ఉంది. నేను పటం పరిచి, పెన్సిల్ చెక్కి, గీత గీయడానికి కూర్చున్నాను. మియో నా భుజం మీదుగా వంగి చూస్తూ నిలబడింది, దాని ఊపిరి నా చెవి దగ్గర, అలలా వస్తూ, పోతూ. నేను గీత ఆపి కాసేపు విన్నాను.